మేక గుండె చెప్పిన పాఠం

ఏటివంపు హైస్కూల్లో పరాంకుశం అనే సైన్సు మాస్టారు ఉండేవారు. పాఠం ఎంత బాగా చెప్పేవారో, "తెలియదు" అనడానికి అంత భయపడేవారు. పిల్లలు ఏది అడిగినా జవాబు సిద్ధం. తెలిస్తే తెలిసిన జవాబు, తెలియకపోతే అప్పటికప్పుడు పుట్టించిన జవాబు.

ఒకరోజు తొమ్మిదో తరగతిలో గుండె పాఠం జరుగుతోంది.

"ఒళ్ళంతా తిరిగి అలిసిపోయిన రక్తం గుండె కుడి పక్కకు వస్తుంది. గుండె దాన్ని ఊపిరితిత్తులకు తోస్తుంది. అక్కడ ప్రాణవాయువు నింపుకుని ఎడమ పక్కకు చేరుతుంది. అక్కడినుంచి మళ్ళీ ఒళ్ళంతా ప్రయాణం" అని మాస్టారు బోర్డు మీద బొమ్మ గీసి చెప్పారు.

రెండో బెంచీలోంచి షమీం లేచింది. వాళ్ళ నాన్న ఖాసింవలికి బడి ఎదురుగానే మాంసం కొట్టు ఉండేది.

"సార్, మా కొట్లో చూశాను. మేక గుండెకు ఒక పక్క గోడ మందంగా, ఇంకో పక్క పలచగా ఉంటుంది. ఎందుకలా?"

మాస్టారు మాంసం ముట్టేవారు కాదు. గుండెను పుస్తకంలో బొమ్మగా తప్ప ఎన్నడూ చూడలేదు. అయినా తడుముకోలేదు.

"రెండు పక్కలూ సమానమే. మీ నాన్న కత్తి వంకరగా దిగి ఉంటుంది. కూర్చో!" అన్నారు.

క్లాసంతా గొల్లుమంది. షమీం చిన్నబోయింది. ఆ తర్వాత ఆ పిల్ల మళ్ళీ చెయ్యి ఎత్తలేదు.

నెల తిరక్కుండానే కబురొచ్చింది. మండలంలోని సైన్సు టీచర్లందరూ పరాంకుశం మాస్టారి పాఠం చూడటానికి వస్తున్నారట! మాస్టారు పొంగిపోయారు. మూడు రోజులు కష్టపడి గుండె పాఠానికి ఒక నమూనా తయారుచేశారు. గోడకు ఆరడుగుల అట్టమనిషిని అంటించారు. ముందు బల్ల మీద, ఆటో హారనుకు ఉండేలాంటి రబ్బరు బుడగలు రెండు పెట్టి, వాటిలో ఎర్ర సిరా కలిపిన నీళ్ళు నింపారు. కుడి బుడగ నుంచి జానెడు గొట్టం పక్కనే ఉన్న సీసాలోకి. ఆ సీసాయే ఊపిరితిత్తులు. ఎడమ బుడగ నుంచి పొడవాటి గొట్టం అట్టమనిషి పాదాలు చుట్టి, నడినెత్తి దాకా.

ఆ రోజు రానే వచ్చింది. రెండు పక్కలూ సమానమే కదా అని, మాస్టారు ఆరో తరగతి నుంచి ఒకే ఈడు ఆడపిల్లలిద్దర్ని పిలిచి చెరో బుడగ అప్పగించారు.

"నొక్కండి!"

కుడి పక్క నీళ్ళు ఠక్కున సీసాలోకి దూకాయి. ఎడమ పక్క పిల్ల రెండు చేతులతో నొక్కింది. పళ్ళు బిగించి నొక్కింది. నీళ్ళు అట్టమనిషి మోకాళ్ళ దాకా ఎక్కి, ఇక మావల్ల కాదన్నట్టు ఆగిపోయాయి.

అందరూ నవ్వారు. వచ్చినవాళ్ళలో పెద్దావిడ, కరుణమ్మ టీచరు, "నీళ్ళు పైకి ఎందుకు ఎక్కలేదంటారు మాస్టారూ?" అని అడిగారు.

గొట్టానికి చిల్లి పడిందని అనేయొచ్చు. మాస్టారు ఆ మాట అనడానికి నోరు తెరిచారు కూడా. అంతలో రెండో బెంచీలో తలొంచుకుని కూర్చున్న షమీం కనబడింది. ఆయన మనసు చివుక్కుమంది.

"నాకు తెలియదండీ" అన్నారు.

అన్నాక చూస్తే, ఆకాశమేమీ విరిగి మీద పడలేదు. పైగా గుండెల మీంచి బరువు దిగినట్టయింది.

"గుండె రెండు పక్కలకూ తేడా ఎందుకని ఆ అమ్మాయి ఎప్పుడో అడిగింది. నేనే నవ్వులపాలు చేశాను. తప్పు నాది. షమీం, మీ నాన్నను పిలుచుకొస్తావా తల్లీ? ఒక గుండె కూడా తెమ్మను."

షమీం ఒక్క పరుగు తీసింది. కాసేపటికి ఖాసింవలి కడిగిన మేక గుండెను పళ్ళెంలో పెట్టుకుని గుమ్మం దగ్గర నిలబడ్డాడు.

"లోపలికి రావచ్చా సారూ?"

"రావయ్యా, రా! ఈ పూట నువ్వే మాస్టారువి."

ఖాసింవలి గుండెను నేర్పుగా కోసి విప్పాడు. "ఇది కుడి పక్క. పెదవంత పలచన. ఇది ఎడమ పక్క. వేలు పెట్టి చూడండి సారూ, ఎంత మందమో! లోపల ఈ పొరలున్నాయే, ఇవి తలుపులు. ముందుకెళ్ళిన నెత్తుర్ని వెనక్కి రానివ్వవు."

మాంసం ముట్టని మాస్టారు వేలు పెట్టి చూశారు. కళ్ళు పెద్దవయ్యాయి.

అంతలో షమీం గట్టిగా అరిచింది. "సార్! నాకు తెలిసిపోయింది! కుడి పక్కకు పక్కింట్లాంటి ఊపిరితిత్తుల దాకానే పని. ఎడమ పక్కేమో కాలిగోటి దాకా, నడినెత్తి దాకా తొయ్యాలి. అందుకే దానికి అంత కండ!"

"భేష్!" అని మాస్టారు చిన్నపిల్లాడిలా చప్పట్లు కొట్టారు. "ఖాసింవలీ, ఆ ఎడమ బుడగ నువ్వు అందుకో!"

ఇరవై ఏళ్ళు కత్తి పట్టిన చెయ్యి అది. ఒక్క నొక్కు నొక్కాడు. ఎర్రనీళ్ళు అట్టమనిషి పాదాలు దాటి, నడుము దాటి, నెత్తిలోంచి చివ్వున చిమ్మి మాస్టారి తెల్లచొక్కా మీద పడ్డాయి. పిల్లలు బెంచీలెక్కి ఈలలు వేశారు. అందరికంటే ఎక్కువగా నవ్వింది మాస్టారే.

అప్పటినుంచి, జవాబు రాని ప్రశ్న ఎదురైతే ఆయన "తెలియదు, పదండి కనుక్కుందాం" అని పిల్లల్ని వెంటేసుకుని కుమ్మరి దగ్గరికో, మెకానిక్కు దగ్గరికో బయలుదేరేవారు. షమీం అందరికంటే ముందు నడిచేది.

తెలియదని ఒప్పుకుంటే గౌరవం తగ్గదు. తెలిసినవారు ఎవరైనా సరే, వారి దగ్గర నేర్చుకునేవారే అసలైన గురువులు.