చుక్కి సెలవు అడిగింది

కొండ దిగువన, వాగు మలుపులో జంతువులకు ఒక ఆసుపత్రి ఉండేది. అక్కడ గురువు ముసలి ఎలుగుబంటి. ఆ గురువు దగ్గర మూడేళ్లు రోగులను చూస్తూ నేర్చుకుంటే వైద్యులయ్యేవారు. అలా నేర్చుకునేవాళ్లు ఐదుగురు ఉండాలి. ఉన్నది ముగ్గురే: చుక్కి అనే దుప్పి, గంగులు అనే గాడిద, ఒక కుందేలు. ఎవరికి ఏ పూట డ్యూటీ, ఎవరికి సెలవు అన్నది నక్క చేతిలో ఉండేది.

చుక్కికి నెలలు నిండుతున్నాయి. కాళ్లు వాచిపోయాయి. పోయినేడు ఒక కడుపు నిలవలేదు. ఆ మర్నాడు కూడా డ్యూటీకి వచ్చింది. ఈసారి భయం వేసి నక్క దగ్గరికి వెళ్లింది.

"అయ్యా, కాన్పుకు సెలవు కావాలి."

"ఇవ్వనన్నానా తల్లీ?" అంది నక్క తియ్యగా. "కానీ నువ్వొక్కదానివి లేకపోతే వార్డు మూతపడుతుంది. రోగుల ఉసురు మనకెందుకు? వచ్చే వారం చూద్దాం."

వచ్చే వారమూ అదే మాట. ఆపై వారమూ అంతే. పైగా నక్క గంగులు చెవిలో ఊదింది: "అది ఇంట్లో పడుకుంటుందట. దాని పని కూడా నువ్వే మొయ్యాలి."

గంగులుకు అసలే మూడు రోజులుగా నిద్ర లేదు. చుక్కి కనబడగానే విసుక్కున్నాడు. "పిల్లలు కావాలనుకున్నది నువ్వు. నడుం విరిగేది నాదా?"

చుక్కికి ఏడుపు కూడా రాలేదు. "నిజమే అన్నా," అని, కాలు విరిగి వచ్చిన కోతికి కట్టు కట్టడానికి వంగింది. వంగింది వంగినట్టే పక్కకు ఒరిగిపోయింది.

గంగులు పరుగున నీళ్లు తెచ్చాడు. ఎలుగుబంటి ఆమె కడుపుకు చెవి ఆనించి చాలాసేపు విన్నది. "బిడ్డ గుండె కొట్టుకుంటోంది. కానీ ఈ పిల్ల ఇంక నిలబడి పని చెయ్యకూడదు."

చుక్కి కళ్లు తెరిచి మొదట అడిగిన మాట, "కోతికి కట్టు ఎవరు కట్టారు?"

గంగులు తల దించుకున్నాడు. "నీ మీద అరిచాను చెల్లీ. ఐదుగురి పని ముగ్గురం చేస్తున్నామన్న సంగతి నాకు తట్టనే లేదు."

నక్క సెలవు ఇవ్వక చుక్కి వార్డులోనే పడుకుని ఉంది. రెండు రోజులకు, అడవిలోని ఆసుపత్రులన్నిటినీ చూసుకునే పెద్దేనుగు తనిఖీకి వచ్చింది. అందరినీ పిలిచి, "ఆ రెండు ఖాళీల్లో ఎవరినైనా పంపమంటావా?" అని నక్కను అడిగింది.

"ఎందుకమ్మగారూ!" అంటూ నక్క ఛాతీ విరుచుకుంది. "ఉన్నవాళ్లలో ఇంకొకరు తగ్గినా ఇక్కడ పని ఆగదు. నేను డ్యూటీలు వేసే తీరు అలాంటిది."

గంగులు ముందుకొచ్చాడు. "అమ్మగారూ, చుక్కి లేకపోతే వార్డు మూతపడుతుందని మూడుసార్లు సెలవు ఆపింది కూడా నక్కగారే. మొన్న చుక్కి పని చేస్తూనే పడిపోయింది."

ఏనుగు చుక్కి కాళ్ల వాపు చూసింది. తనూ నెలల తరబడి మోసి కన్నదే. "నక్కా, ఈ రెండు మాటల్లో ఏది నిజం?"

నక్క లోపల లెక్క వేసుకుంది. వార్డు మూతపడుతుందంటే, ఉన్నవాళ్లు చాలడం లేదన్న సంగతి ఇన్నాళ్లూ దాచినట్టు. ఆగదంటే, సెలవు ఇచ్చి తీరాలి. "పని... ఆగదమ్మగారూ," అంది చివరికి.

"మంచిది. చుక్కి ఇవాళే ఇంటికి వెళ్తుంది. కొత్తవాళ్లు వచ్చేదాకా ఆమె డ్యూటీ నువ్వే చెయ్యి. మిగతా ఇద్దరి మీదా ఒక్క పూట కూడా ఎక్కువ పడకూడదు."

చుక్కికి సంతోషించే ఓపిక కూడా లేదు. గంగులు ఆసరా ఇచ్చి వాగు దాటించాడు.

"నా చదువు ఏడాది వెనక్కి పోతుందేమో అన్నా?"

"పోవచ్చు," అన్నాడు గంగులు. అబద్ధం చెప్పే ఓపిక అతనికీ లేదు.

పదకొండో రోజున ఆడపిల్ల పుట్టింది. ఆ మధ్యాహ్నం చుక్కి బిడ్డ పక్కన, లేపేవాళ్లు లేకుండా నిద్రపోయింది.

ఆసుపత్రిలో నక్క చీము తుడిచి, కట్లు మార్చి, ఏడ్చే కూనలను ఎత్తుకుని తిప్పి, డ్యూటీకి దిగిన నాలుగో రోజుకే తోక ఈడ్చుకుంటూ నడిచింది. "ఇంత పని ఒక్కరు ఎలా చేస్తారు?" అని కుందేలును అడిగింది. కుందేలు నిలబడే నిద్రపోతోంది. ఆ సాయంత్రమే, ఇద్దరిని వెంటనే పంపమని నక్క తనంతట తానే ఏనుగుకు కబురు పెట్టింది.

నీతి: ఒకరు సెలవు పెడితే తోటివాళ్లు కుంగిపోతున్నారంటే, తప్పు కనబోయే తల్లిది కాదు, సరిపడా మందిని పెట్టనివాళ్లది.