లేని దేహానికి పరీక్షా?

పోశెట్టి పెండ్లాంతోటి కొట్లాడి ఆశ్రమానికి వచ్చిండు. గురువు వీరదాసయ్య నోటెంట ఒక్క మాట అనిపించుకోవాలె, ఇంట్ల దాని నోరు మూయించాలె. అదీ ఆయన పట్టు.

లొల్లి ఏందంటే, పోశెట్టికి షుగరు. కొన్నాళ్ల సంది ఉచ్చల నురుగొస్తున్నది, సబ్బునీళ్ల లెక్క. పట్నం డాక్టరు ఉచ్చ పరీక్ష చేపియ్యమన్నడు. షుగరు గోలీలు తప్పొద్దన్నడు, బీపీకి కొత్త గోలీ రాసిండు. మోకాళ్ల నొప్పికని మందుల దుకాణంల కొనుక్కొని రోజూ మింగే గోలీలు బంద్ పెట్టమన్నడు. "కిడ్నీలను ఇప్పుడైతే కాపాడొచ్చు, ఇంకా ఆలస్యం చేస్తే నా చేతుల ఉండది" అన్నడు.

పోశెట్టి ఆ మోకాళ్ల గోలీ ఒక్కటే మింగుతడు. అది లేకపోతే భజనల తెల్లందాక కూసోనొస్తదా? ఆశ్రమంల తత్వాలు పాడేటోళ్లల్ల ఆయనే ముందు. "దేహం లేదు, ఉన్నదనుకునుడే భ్రమ" అని కొత్త శిష్యులకు అర్థం చెప్పేది గూడ ఆయనే.

వీరదాసయ్య అరుగు మీద గోడకు ఒరిగి ఉన్నడు. మొఖం ఉబ్బింది. పెదవులు ఎండి పగిలినయి. ఎండకాలంల గూడ నిండు చేతుల అంగీ. రోజు తప్పించి రోజు పట్నం దవాఖానకు పోయి మిషిను మీద రక్తం కడిగించుకొని వస్తడు. ఎందుకని శిష్యులు అడగరు. తమ కర్మ గురువు మీదేసుకున్నడని వాళ్ల నమ్మకం.

"పెండ్లాం సతాయిస్తున్నదయ్యా" అన్నడు పోశెట్టి, కాళ్లు మొక్కుకుంట. "దేహమే లేదని నేర్పింది మీరు. లేనిదాని ఉచ్చ సీసల పోసి పరీక్షకు పట్టుకపొమ్మంటది ఇది."

వెనకాలనే వచ్చిన ఆయన పెండ్లాం గంగవ్వ ఊకోలేదు. "లేని దేహానికి పొద్దుగాల గిన్నెడన్నం ఎట్ల పోయిందో అడుగుండ్రయ్యా!"

గురువు నవ్విండు. నవ్వితే దమ్మొచ్చింది. దమ్ము సదురుకొని అడిగిండు.

"నొప్పున్నదారా?"

"ఎక్కడ లేదయ్యా! గుండ్రాయి లెక్క ఉన్న. నొప్పి లేస్తే నేనే ఉరుకుత గద దవాఖానకు. అయినా మా కర్మ మీరు మోస్తున్నరు, మాకేం అయితది?"

వీరదాసయ్య ఎడమచేతి అంగీ గుండీ ఇప్పి, మోచెయ్యి దాకా మలిసిండు.

ముంజేతి మీద నరం తాడు లెక్క ఉబ్బి, మెలికలు తిరిగి ఉన్నది. దాని పొడుగూత సూదిపోట్లు, పాతవాటి మీద కొత్తయి. ఇన్నేండ్ల సంది కాళ్లు మొక్కుతున్న పోశెట్టి ఆ చెయ్యి ఎన్నడూ చూడలే.

"పట్టుకో" అన్నడు గురువు.

గురువు చెయ్యి పట్టుకునుడేందని పోశెట్టి జంకిండు. గురువే ఆయన అరచెయ్యి గుంజి నరం మీద పెట్టుకున్నడు.

అది కొట్టుకుంటలేదు, గుంయ్యిమంటున్నది. తోలు కింద తేనెటీగలు ముసిరినట్టు, ఆగకుండ.

"మిషినుకు రక్తం అందాలని నరానికి నరం కలిపి కుట్టిన్రు" అన్నడు గురువు. "ఎవ్వని కర్మా కాదురా. షుగరుకు కిడ్నీలు పోయినయి."

"ఎప్పటికి బాగైతదయ్యా?"

"కాదు."

గంగవ్వ కొంగు నోట్లె కుక్కుకొని అటు తిరిగింది. పోశెట్టికి చెయ్యి తియ్యబుద్ధి కాలే, ఉంచబుద్ధి కాలే. శానా మెల్లగ అడిగిండు.

"మరి మీకు నొప్పి ఎప్పుడు లేచిందయ్యా?"

వీరదాసయ్య ఆయన దిక్కు చూసిండు.

"లేవలేదురా. దానికోసమే ఎదురుచూసుకుంట కూసున్న."