చక్కెర పలుకు, ముప్పై మిణుగురులు

పొద్దెక్కుతున్నా పొగమంచు వాగును వదల్లేదు. అవతలి ఒడ్డు కలలో కనిపించినట్టు లీలగా తోస్తోంది. ఆ ఒడ్డున రెల్లుపొదలో పసికూనను దాచి, మేత కోసం ఇవతలికి వచ్చింది చుక్కి అనే జింక. కడుపు నిండింది, పొదుగు బరువెక్కింది. తిరిగి వెళ్లే దారిలో మాత్రం గండయ్య అనే మొసలి కాచుకుని ఉన్నాడు.

చుక్కి పారిపోలేదు. ఒడ్డున రాతిపలక మీద నిలబడి, కళ్లు అరమూసి నెమరు వేయసాగింది.

"ఏమే చుక్కీ, అక్కడ బిడ్డ ఆకలితో ఏడుస్తుంటే నీకు కునుకా?" అన్నాడు గండయ్య.

"కునుకు కాదు మామా, కల. నెమరేసినప్పుడల్లా వస్తుంది. నా ఒంటినిండా ఇసుకరేణువు కన్నా చిన్న గదులు. గదిగదికీ వందల పొయ్యిలు. తిన్న గడ్డి చక్కెరగా మారి, పలుకు పలుకుగా అక్కడికి చేరుతుంది. పీల్చిన గాలి వచ్చి పక్కన కూర్చుంటుంది. మంట ఉండదు, పొగ ఉండదు. ఒక్క పలుకు మెల్లగా కరిగి ముప్పై మిణుగురులుగా మారుతుంది. కాలు కదిపినా, గుండె కొట్టుకున్నా ఆ మిణుగురుల చలవే."

"గాలి రాకపోతేనో?"

"అదే పలుకుకు రెండే. మిగిలింది పులిసి కండల్లో పేరుకుపోతుంది."

గండయ్య పళ్లన్నీ కనబడేలా నవ్వాడు. "లెక్కలు బాగానే చెప్తున్నావు. నేను ఊపిరి బిగబట్టి ఒక్క దూకు దూకానంటే దున్నపోతైనా నీళ్లలోకి రావాల్సిందే. నాకెందుకే నీ గాలి?"

చుక్కికి కావాల్సిందీ ఆ మాటే.

"ఒక్క దూకేనా? నేనీ రాయి వదిలిపోను. పట్టుకో చూద్దాం" అంటూ ముందుకాలు నీళ్లలో ముంచింది.

వాగు బద్దలైనట్టయింది. చుక్కి ఒక్కటంటే ఒక్క అడుగు వెనక్కి వేసింది. దవడలు గాలిని కొరికాయి.

"ఒకటి" అంది, నెమరు ఆపకుండా.

"కాచుకోవే!"

"రెండు. వయసు మీద పడిందా మామా?"

మూడోసారి పంటి కొస ఆమె గిట్టను గీరింది. మంట నషాళానికి అంటినా చుక్కి ఊపిరి తప్పలేదు. మళ్లీ కాలు ముంచింది. ఆరోసారికి గండయ్య రాయి అంచుకు జానెడు దూరంలోనే ఆగాడు. తొమ్మిదోసారికి గడ్డం ఇసుకలో ఆనింది. ఇక లేవలేదు.

"ఏం మందు పెట్టావే? తోక నాది కానట్టుంది!"

"నేనేం పెట్టలేదు మామా. నీ పొయ్యిలకు నువ్వే గాలి పెట్టలేదు. కాసేపు ఊపిరి పీల్చుకో, తేరుకుంటావు."

అలా చెప్పి, ఆ తోక పక్కనుంచే వాగులోకి దిగి అవతలికి దాటింది. గండయ్యకు కన్ను ఒక్కటే కదిలింది. ఆ చూపు ఆమె వెంట ఒడ్డుదాకా వెళ్లి మంచులో తప్పిపోయింది.

రెల్లుపొదలో కూన పాలు గుటకలు వేస్తోంది. కళ్లు మూసుకున్న చుక్కికి ఆ చిన్ని ఒంట్లో మిణుగురులు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతున్నట్టు తోచింది.

ఊపిరి బిగబట్టి చూపే బలం కొద్ది దూకులకే చాలుతుంది. ఊపిరి తీస్తూ నడిచేవాళ్లకు అవతలి ఒడ్డు అందుతుంది.