రెండో కడవ

అనగా అనగా, మబ్బులు తమ దారి మరచిపోయిన ఒక కాలంలో, రాళ్లమిట్ట అనే ఊరు ఉండేది. వరుసగా మూడేళ్లు ఆ ఊరికి వాన రాలేదు. చేలు బీటలు వారాయి. బావిలో బొక్కెన వేస్తే రాతికి తగిలి ఖణేలుమనేది.

ఊరి ప్రాణం ఇళ్ల వెనక పెరళ్లలో మిగిలి ఉంది. నాలుగు వంగ మొక్కలు, ఒక సొరతీగ, ఒక మునగ చెట్టు. అవి కాస్తే ఆ పూట పొయ్యి వెలిగేది. అవి ఎండితే పిల్లలు పస్తు.

పెరటికి నీళ్లు పోయడానికి ఆ ఊళ్లో ఒక పద్ధతి ఉండేది. చెట్టు చుట్టూ ఉన్న పాదు అంచుదాకా నిండాలి. వంగి చూస్తే అందులో మనిషి మొహం కనబడాలి. కొత్త కోడలు కాపురానికి వచ్చిన మర్నాడు అత్త ఆమె చేత నీళ్లు పోయించి, పాదులో తన మొహం చూసుకునేది. కనబడితే కోడలు పనిమంతురాలు. కనబడకపోతే సోమరి.

కరువులో కొండ కింది మడుగు ఒక్కటే ఎండకుండా నిలిచింది. ఒకనాటి పొద్దున ఆడవాళ్లు కడవలతో దిగేసరికి ఆ నీటి మీద రెండు కళ్లు తేలుతున్నాయి. పెద్ద మొసలి. అది ఎప్పుడొచ్చిందో, ఎటునుంచి వచ్చిందో ఎవరికీ తెలియదు.

"బెదరకండమ్మా," అంది మొసలి. దాని గొంతు మెత్తగా ఉంది. "ఇంటికి రోజుకొక కడవ ముంచుకోండి. మిమ్మల్ని ముట్టుకోను. ఈ నీటి మీద ఒట్టు. రెండో కడవ కావాలంటే మాత్రం నాకు తినడానికి ఏదైనా తేవాలి."

ఆ కాలంలో జంతువులు ఒట్టు తప్పేవి కావు. అందుకే వాటి మాటలు వింటే అంత భయం వేసేది.

ఒక కడవ ఇంటిల్లిపాది గొంతు తడపడానికే సరిపోతుంది. మరి పాదులు నిండేదెలా? మర్నాడు ఊళ్లోవాళ్లు కోళ్లు పట్టుకుని దిగారు. కోడిని విసిరేవాళ్లు, రెండో కడవ ముంచుకునేవాళ్లు. నీళ్లలో ఒక చప్పుడు, తర్వాత కాసిని ఈకలు. అంతే.

ఆ గుంపులో నింగమ్మ కూడా ఉంది. ఆమె భర్త ఎడ్లను తోలుకుని మేత దొరికే సీమకు పోయాడు. ఇంట్లో అత్త ఓబవ్వ, నాలుగేళ్ల కూతురు చెంగి, ఒకే ఒక్క కోడిపెట్ట. నింగమ్మ ఆ ఈకల వంక చూసింది.  ఒక్క కడవే ముంచుకుని, వెనక్కి చూడకుండా గట్టెక్కింది.

'ఇవాళ కోళ్లు. కోళ్లు అయిపోతే?' దారి పొడుగునా ఆమెకు అదే ఆలోచన.

ఇంటికొచ్చి నీళ్లు దించుతుంటే ఆమె కన్ను ఒకచోట ఆగింది. చూరు కింద ఉట్టిలో పగిలిన కుండ ఒకటి వేలాడుతోంది. ఓబవ్వ పారెయ్యనివ్వక, తాగేనీళ్లు పోసి ఉంచే కుండ. దాని పగులు నుంచి రోజంతా చుక్క చుక్కగా నీరు కారుతుంది. సరిగ్గా దాని కింద తోటకూర మొక్కొకటి నవనవలాడుతోంది. దానికి ఎవరూ ఎప్పుడూ నీళ్లు పోయలేదు.

నింగమ్మ ఆ మొక్క మొదట్లో వేలు గుచ్చింది. పైన పొడి, లోపల చల్లని తడి. తర్వాత నిన్న అరకడవ నీళ్లు పోసిన వంగ పాదులో వేలు గుచ్చింది. పైపొర మెత్తగా ఉంది, దాని కింద గట్టి మట్టి. పట్టపగలు పోసిన నీళ్లలో సగం ఎండ తాగేసింది, సగం పక్కలకు ఇంకిపోయింది.

ఆమె మనసులో లెక్క కట్టింది. అరకడవ పాదులో పోస్తే ఒక్క చెట్టుకు చాలదు. అదే అరకడవ చుక్కలుగా పంచితే పెరడంతా పొద్దుగూకేదాకా తాగుతుంది.

వెంటనే పనిలోకి దిగింది. వెదురు బొంగులు తెచ్చి, కాల్చిన ఇనుప చువ్వతో లోపలి కణుపులు పొడిచింది. గోడ పక్కన ఎత్తురాయి మీద కుండ పెట్టి, అడుగున చిల్లు చేసి, బొంగును మైనంతో అతికింది. బొంగు పొడుగునా, ఒక్కో చెట్టు మొదట్లోకి పడేలా, తుమ్మముల్లు దూరేంత సన్నని బెజ్జాలు పెట్టింది. పాదుల మీద ఎండుటాకులు మందంగా పరిచింది. కుండలో నీళ్లు పోసి కూర్చుంది. ఒక చుక్క పడింది. మెల్లగా ఇంకొకటి.

ఓబవ్వ వచ్చి చూసింది. "ఇదేందే? చెట్లకు ఉగ్గు పడతన్నావా?"

"అవునత్తా. పసిపిల్లకు కడవెత్తి నోట్లో పోస్తామా?"

"పాదులో నీళ్లే కనబడకపోతే చూసినోళ్లు ఏమనుకుంటారే?"

ఏమనుకున్నారో మర్నాడే తెలిసింది. ఊరిపెద్ద బసివయ్య భార్య తిమ్మక్క గోడ మీదుగా తొంగి చూసింది. "ఏం నింగమ్మా, నీ చెట్లు ఉపాసం పట్టినాయా? ఏ దేవుడికి మొక్కినాయమ్మా?"

నింగమ్మ నవ్వి ఊరుకుంది. కానీ లోపల గుబులే. తాను తప్పు చేస్తుంటే? ఈ చెట్లే పోతే చెంగికి ఏం పెట్టాలి?

ఇంతలో ఊళ్లో కోళ్లు అయిపోయాయి. మొసలి నీటిపైకి లేచి చెప్పింది. "పక్షి మాంసం మొహం మొత్తింది. రేపటినుంచి నాలుగు కాళ్లది తెండి." ఊరివాళ్లు మేకల్ని తోలుకెళ్లారు. మేకల అరుపులు కొండకు తగిలి తిరిగొచ్చేవి. సాయంత్రం పిల్లలెవరూ వీధిలో ఆడటం లేదు.

అప్పుడే నింగమ్మ పెరట్లో బొంగు చివరనున్న రెండు వంగ మొక్కలు తలలు వాల్చాయి. ఆ మర్నాటికి సొరతీగ కూడా వాడింది. కుండలో నీళ్లు ఉన్నాయి, చుక్క మాత్రం పడటం లేదు. 

ఓబవ్వ కోడిపెట్టను చంకలో పెట్టుకుని బయల్దేరింది. "నీ విద్య చాలమ్మా. కాళ్లు పట్టుకునైనా దానికి ఈ కోడినే ఇచ్చి రెండో కడవ తెస్తా. పిల్ల ఆకలికి నేను చూడలేను."

"కాసేపు ఆగత్తా. ఒక్కసారి చూడనీ."

బొంగు విప్పి చూస్తే లోపల మడుగు నీళ్లతో వచ్చిన ఒండ్రు పేరుకుని ఉంది. బెజ్జాలన్నీ పూడిపోయాయి. నింగమ్మ బొంగు కడిగింది, ముల్లుతో ఒక్కో బెజ్జం పొడిచింది, కుండ మూతికి పాత చీర ముక్క కట్టింది. ఇక నీళ్లు ఆ గుడ్డలోంచి వడగట్టుకుని దిగాలి. మళ్లీ చుక్క పడింది. ఓబవ్వ కోడిని దించింది. మర్నాటికి సొరతీగ తలెత్తింది.

మేకలు కూడా అయిపోయిన నాడు మొసలి గట్టుదాకా వచ్చింది. అందరి మొహాల్లోకీ వరుసగా చూసింది.

"ఇకమీదట ఊరంతటికీ కలిపి ఒకటి ఇస్తే చాలు. అందరూ రెండో కడవ ముంచుకోవచ్చు. ఈసారి మాట్లాడేదాన్ని తెండి."

 కడవలు అక్కడే వదిలి పరుగెత్తినవాళ్లు ఉన్నారు.

రచ్చబండ దగ్గర పెద్దలు తలలు వంచుకుని కూర్చున్నారు. పాదులు ఎండితే ఊరంతా చస్తుంది. ఒక మనిషిని ఇస్తే మిగతావాళ్లు బతుకుతారు. మరి ఏ ఇంటినుంచి? చివరికి బసివయ్య గొంతు సవరించుకున్నాడు. "పాదులు ఎండిన ఇల్లు ఎట్లాగూ నిలబడదు. ఆ ఇంటినుంచే ఇద్దాం."

అందరూ ఇల్లిల్లూ తిరిగి పెరళ్లు చూశారు. ప్రతి ఇంట్లో పాదు నిండి తళతళలాడుతోంది. నింగమ్మ పెరట్లో మాత్రం ఎండుటాకులు, వాటి కింద పొడిమట్టి. ఒక్క పాదులోనూ మొహం కనబడలేదు.

"ఈ ఇల్లే," అన్నాడు బసివయ్య, నింగమ్మ కళ్లలోకి చూడకుండా.

చెంగి తల్లి కొంగు పట్టుకుంది. ఓబవ్వ ముందుకొచ్చింది.  "నన్ను తీసుకుపోండయ్యా. పిల్ల జోలికి పోకండి."

 నింగమ్మ అత్త చెయ్యి పట్టి వెనక్కి లాగింది. "బసివయ్య మామా, ఆకులు తీసి చెయ్యి పెట్టి చూడు. ఆ తర్వాత ఎవరిని కావాలంటే వాళ్లను తీసుకుపో."

బసివయ్య వంగాడు. ఆకులు తప్పించి మట్టిలోకి వేళ్లు దింపాడు. వేళ్లు లోపలిదాకా దిగాయి. తీసి చూస్తే తడిమట్టి అంటుకుని ఉంది. తలెత్తితే పందిరి ఆకుల చాటున సొరకాయలు, మునగ నిండా కాయలు.

"రోజుకు అరకడవ," అంది నింగమ్మ. "మిగతా సగం మేం తాగుతున్నాం. నేను ఇంతవరకు రెండో కడవ ముంచలేదు. ఇప్పుడు మీ ఇంటి పాదు తవ్వి చూద్దాం పద మామా."

తిమ్మక్క తానే పలుగు తెచ్చి తన పెరట్లో పాదు తవ్వింది. పైన బురద. బెత్తెడు కింద ఇటుకలాంటి మట్టి, ఎండిన వేర్లు. ఆమె అక్కడే కూలబడింది. "మా కోళ్లు, మా మేకలు... ఈ ఎండిన వేర్ల కోసమా పోగొట్టుకుంది?"

"ఆ మొసలికి మన మీద పట్టు ఎక్కడుంది మామా?" అంది నింగమ్మ. "రెండో కడవలోనే కదా. దాన్ని ముంచకపోతే అదేం చేస్తుంది?"

"ఆకలికి మీద పడితే?" ఎవరో అడిగారు.

 "ఒట్టు వేసింది," అంది నింగమ్మ. "రేపు నేనే ముందు దిగుతా."

ఆ సాయంత్రమే ఊరంతా వెదురు కొట్టుకొచ్చారు. మర్నాడు నింగమ్మ ఒంటరిగా మడుగులోకి దిగింది. గట్టు మీద అందరూ నిలబడ్డారు. మొసలి ఆమె మోకాలి దాకా వచ్చి ఆగింది. దాని పళ్ల సందున చిక్కిన మేక వెంట్రుకలు కూడా ఆమెకు కనబడ్డాయి.

"మాట్లాడేది ఏదీ?"

"తేలేదు. నాకు ఒక్క కడవే చాలు."

నింగమ్మ కడవ ముంచింది.  మొసలి కదలలేదు. ఆమె గట్టెక్కింది. ఆమె వెనక తిమ్మక్క దిగింది, తర్వాత ఇంకొకరు. అందరూ ఒక్కొక్క కడవే ముంచుకున్నారు.

కొన్నాళ్లకు మొసలి గొంతు మారింది. "పోనీ, ఒక మేక చాలు." అందరూ ఒక్కొక్క కడవతోనే గట్టెక్కారు. మరి కొన్నాళ్లకు, "ఒక కోడి?" అంది. ఇంకా కొన్నాళ్లకు, డొక్కలు లోపలికి పోయి, "ఎలుకైనా పరవాలేదమ్మా, రెండో కడవ తీసుకోండి," అని బతిమాలింది.

"ఎలుకలు మాకే కరువు," అంది ఓబవ్వ, కడవ భుజానికెత్తుకుంటూ.

ఒకరోజు పొద్దున మడుగులో కళ్లు కనబడలేదు. ఇసుకలో పాక్కుంటూ పోయిన జాడ మాత్రం మిగిలింది. రెండో కడవ ముంచే ఊరు వెతుక్కుంటూ అది వెళ్లిపోయింది.

ఉన్న కొద్దిపాటిని తెలివిగా వాడుకునే ఇంటిని ఏ భయమూ లొంగదీయలేదు.