మట్టికి సెలవు

ఐలేశు బలానికి వంక పెట్టడానికి లేదు. వాడు పట్టు పడితే ఎంతటివాడైనా విడిపించుకోలేడు. వచ్చిన చిక్కల్లా ఒక్కటే. కుస్తీ సగంలో ఉండగానే దమ్ము చాలదు, కాళ్లలో సత్తువ ఉండదు.

దర్గా పండుగ ఉర్సు దగ్గర పడింది. దర్గా ముందు జరిగే కుస్తీకి ఉస్తాద్ జలాలుద్దీన్ తాను కుస్తీ నేర్పే తాలీం నుంచి ఏటా ఒక్కడినే పంపుతాడు. ఆ ఒక్కడూ తానే కావాలని ఐలేశు ఆశ. నీ వల్ల కాదు, ఇంటికి పొమ్మని ఉస్తాద్ అంటాడేమోనని భయం. అందుకని మహానుభావుడు ఏం చేశాడంటే, అందరూ అన్నం తిని కునుకు తీసే వేళ, తను తిండి కూడా మానేసి, దొంగచాటుగా కుస్తీ పట్టే మట్టి గోదాలో దిగి దండీలు తీయసాగాడు. తీసినకొద్దీ అలసట పెరిగిందే గానీ తరగలేదు.

ఒకనాడు పొద్దున జోడీతో తలపడుతూనే గోదాలో కూలబడ్డాడు.

ఉస్తాద్ మిగతావాళ్లను ఇళ్లకు పంపి, పార అందుకుని గోదా తవ్వసాగాడు. ముసలాయన తవ్వుతుంటే చూడలేక ఐలేశు లేచి పార కోసం చెయ్యి చాపాడు.

"నువ్వు కూసో బిడ్డా. ఇయ్యాల మట్టికి సెలవు."

"మట్టికి సెలవెందుకు ఉస్తాద్?"

"తొక్కి తొక్కి రాయి లెక్క చేసిండ్రు. మధ్యాహ్నం గూడ ఎవడో తొక్కుతున్నడు."

ఐలేశు తల దించుకున్నాడు.

ఉస్తాద్ మట్టిని నీళ్లతో తడిపి, మజ్జిగ చల్లి, చేత్తో చదును చేశాడు. "పండుకో" అన్నాడు.

"ఉర్సు ముంగట పండుకుంటే ఎట్ల ఉస్తాద్?"

ఉస్తాద్ తడిమట్టి మీద అరచేత్తో తట్టాడు. ఐలేశు పడుకున్నాడు. ఉస్తాద్ వాడి కాళ్ల మీద, పొట్ట మీద చల్లటి మట్టి కప్పాడు. ఎప్పుడు కన్ను మూతపడిందో వాడికే తెలియదు.

మెలకువ వచ్చేసరికి ఎండ వాలిపోయింది. ఉస్తాద్ పక్కనే కూర్చుని భుజం మీది తువ్వాలతో ఈగలు తోలుతున్నాడు. దగ్గరే మూత పెట్టిన అన్నం గిన్నె ఉంది.

"మీరు తిన్నరా?"

"నువ్వు లేస్తే ఇద్దరం తిందమని."

ఐలేశుకు కళ్లు నిండిపోయాయి. కన్నతండ్రి పోయాక తన నిద్రకు కాపలా కూర్చున్నవాళ్లు లేరు. "ఇంటికి పొమ్మంటరనుకున్న ఉస్తాద్" అన్నాడు.

ఉస్తాద్ గోదాలోంచి గుప్పెడు మట్టి తీసి వాడి అరచేతిలో పోశాడు. వేళ్ల సందుల్లోంచి అది మెత్తగా జారిపోయింది.

"పొద్దున ఇది పారకు గూడ లొంగలే. దీన్ని కొట్టినమా, తిట్టినమా? నీళ్లు పోసి ఇడిసిపెట్టినం, గంతే" అంటూ గిన్నె మీద మూత తీశాడు. "తిను."