మూడోసారి అడిగిన మాట

అనగనగా ఒక రాజుగారు. ఈ భూమండలం మీద ఆయన రాజ్యమంత పెద్ద రాజ్యం మరొకటి లేదు! సరే సరే, అలా చూడకండి. రాజుగారు ఈ చివర తుమ్మితే ఆ చివర పొలంలో ఉన్నవాళ్ళు "చిరంజీవ, చిరంజీవ" అనేవాళ్ళు. అంత రాజ్యం అన్నమాట.

ఆయనకి ఇద్దరు కొడుకులు. పెద్దవాడు ధీరసేనుడు, చిన్నవాడు సుధన్వుడు. ధీరసేనుడి మనసు వెన్న, నోరు మాత్రం మొరాయించే ఎద్దు. నత్తి. ఒక్క మాట బయటికి రావాలంటే నాలుగుసార్లు తోయాలి. సుధన్వుడి సంగతి వేరు. పండగొస్తే సుధన్వుడే మాట్లాడాలి, పరదేశి రాయబారి వస్తే సుధన్వుడే మాట్లాడాలి. సభంతా "ఆహా" అనాలి, కళ్ళు తుడుచుకోవాలి.

ఒకనాడు సభకి ఒక వార్త వచ్చింది. ఏడు సముద్రాల అవతల ఘటదంతుడని ఒక మాంత్రికుడు. ఒక్కో పన్నూ ఒక్కో కుండంత. వాడు వజ్రపురి రాజకుమారి కువలయని చిలకగా మార్చి, తన ప్రాణాన్ని ఆ చిలక గొంతులో దాచుకున్నాడట. వాణ్ణి చంపాలంటే చిలకని చంపాలి. చిలకని చంపితే పాపం ఆ పిల్ల పోతుంది. చిలక తన సొంత మాట ఒక్కటి పలికితే చాలు, వాడి ప్రాణం బయటికి ఎగిరిపోతుంది. కానీ అది ఎదుటివాళ్ళన్న మాటనే తిరిగి అనగలదు. తన మాటని చిలక నోట విన్నవాడు, విన్నకొద్దీ రాయైపోతాడు.

ధీరసేనుడు లేచాడు. "నే... నే... నేను వె..."

"వె... వె... వెళ్ళి వె... వెంటనే వస్తాడట!" అన్నాడు సుధన్వుడు, అచ్చం అన్న గొంతుతో.

సభ ఘొల్లుమంది. రాజుగారు మాత్రం నవ్వలేదు. ధీరసేనుడు తమ్ముడి వైపు ఒక్క చూపు చూసి, గుమ్మం దాటి వెళ్ళిపోయాడు.

వానలు వెళ్ళాయి, చలి వెళ్ళింది. ఎండలు ముదురుతుండగా సముద్రపు ఒడ్డుకి ఒక ముసలి తాబేలు వచ్చింది.

"మీ అన్నని నేనే మోసుకెళ్ళాను," అంది సుధన్వుడితో. "మాంత్రికుడి కోట కిటికీ కింద నీళ్ళలో ఉండి అంతా విన్నాను. 'నీకు... నీకు ఆ...' అన్నాడు చిలకతో. చిలక కూడా 'నీకు... నీకు ఆ...' అని మళ్ళీ మళ్ళీ అంది, మీ సభలో ఎవరో వెక్కిరించారని దారిలో చెప్పాడే, అచ్చం అలాగే. ఇంకంతే. నోరు అక్కడే ఆగిపోయింది. రాయైపోయాడు."

సుధన్వుడికి ఆ పూట ముద్ద దిగలేదు. మర్నాడు ఒడ్డుకొచ్చి, "నేను వెళ్ళి తెస్తాను. నాలుగు మాటలు చెబితే ఆ రాయి కరిగిపోదూ!" అన్నాడు.

"మీ ఇంట్లో బరువు తక్కువవాడు ఒక్కడూ పుట్టలేదా?" అని సణుగుతూ తాబేలు వీపు చూపించింది.

ఉప్పు సముద్రం దాటారు. చెరుకురసం సముద్రం దాటారు. కల్లు సముద్రంలో తాబేలు తిన్నగా ఈదలేదు. నేతి సముద్రంలో సుధన్వుడు మాటిమాటికీ జారిపోయాడు. పెరుగు సముద్రంలో ఇద్దరికీ జలుబు చేసింది. పాల సముద్రం దాటేసరికి ఒక రేవు కనపడింది. అక్కడుండేవాళ్ళు యూదులు. ఏ కాలంలోనో ఓడలెక్కి వచ్చి ఆ రేవులో స్థిరపడ్డారు. సిప్పోరా అని ఒక అవ్వ వీళ్ళకి చోటిచ్చి మిరియాల చారు పోసింది.

తెల్లారితే వాళ్ళకి పెద్ద ఉపవాసం. ఏడాది పొడుగునా చేసిన తప్పుల్ని దేవుడు మన్నించే రోజట. అవ్వ చూస్తే ప్రార్థన మాట మర్చిపోయినట్టు ఇల్లిల్లూ తిరుగుతోంది. సుధన్వుడు ఆమె వెనకే నడిచాడు. చేపలమ్మే ఆవిడ తలుపు తట్టింది అవ్వ.

"వదినా, నీ చేపలు మురిగిపోయాయని రేవంతా చెప్పాను. అవి మంచివే. నీ దగ్గర జనం మూగుతుంటే కళ్ళు కుట్టి అన్నాను. మన్నించు."

"పోవమ్మా పో," అని తలుపు దబాలున పడింది. అవ్వ మళ్ళీ తట్టి, మళ్ళీ అదే చెప్పింది. మళ్ళీ తలుపు పడింది. మూడోసారి తట్టింది. తలుపు తీసి ఆవిడ అవ్వ మొహం కాసేపు చూసింది. "ఏడ్చావులే, లోపలికి రా," అంది.

తిరిగొస్తూ సుధన్వుడు అడిగాడు. "మన్నించేది దేవుడేగా అవ్వా, ఆయన్నే అడక్కపోయావా?"

"దేవుడికి చేసిన తప్పైతే దేవుణ్ణే అడుగుతాం నాయనా. వదినకి చేసింది వదినే మన్నించాలి, అందులో ఆయన వేలు పెట్టడు. అందుకే ఉపవాసం ముందు ఇలా తిరుగుతాం. కాదంటే మూడుసార్లు అడగాలి. చేసింది చేసినట్టు చెప్పాలి."

"నన్ను పంపాల్సింది. ఒక్కసారికే కరిగించేవాణ్ణి."

అవ్వ బోసినోటితో నవ్వింది. "గుండెలో లేనిది నోటితో చెప్పి ఎదుటివాళ్ళ మనసు లాక్కుంటే అది కూడా దొంగతనమే అంటారు మా పెద్దలు. మా జనాన్ని బానిసత్వం నుంచి బయటికి తెచ్చిన మోషే ఉన్నాడే, ఆయనకి నోరు తిరిగేది కాదు. దేవుడు వెతికి వెతికి ఆయన్నే రాజు ముందుకి పంపాడు."

సుధన్వుడు మళ్ళీ తాబేలెక్కాడు.

ఏడో సముద్రం దాటారు. మాంత్రికుడి కోటలో బంగారు పంజరం, అందులో చిలక. పంజరం ముందు చెయ్యి చాచి నిలబడ్డ ధీరసేనుడు. మనిషీ రాయి, చాచిన చేతిలో ఉండలాంటిదేదో, అదీ రాయి.

"రా అబ్బాయీ, అన్న పక్కన చోటుంచాను!" అని ఘటదంతుడు కుండలన్నీ కనపడేలా నవ్వాడు.

సుధన్వుడు అన్న ముందు నిలబడి గొంతు సవరించుకున్నాడు. ఎందుకో అంత దూరం వచ్చాక మాటలు కుదరలేదు. "ఓ అగ్రజా! కరుణాసాగరా! ఈ అల్పుడి వల్ల తమకి ఏదైనా పొరపాటు జరిగి ఉంటే..."

"పొరపాటు జరిగి ఉంటే..." అంది చిలక, అంతకంటే బాగా. సుధన్వుడికి మోకాళ్ళ దాకా రాయి పాకింది.

కంగారుపడి కళ్ళు నులుముకుని నీళ్ళు తెచ్చుకున్నాడు. "అన్నా! సరదాకి అన్నాను కదన్నా! తమ్ముణ్ణి కదన్నా!"

"తమ్ముణ్ణి కదన్నా!" అని చిలక వెక్కి వెక్కి ఏడ్చింది. రాయి మెడ దాకా వచ్చింది.

ఇంక మిగిలింది నోరే. సుధన్వుడు అన్న మొహంలోకి చూశాడు. ఆ రోజు గుమ్మంలో చూసిన చూపు అలాగే ఉంది. అవ్వ తలుపు తట్టిన చప్పుడు గుర్తొచ్చింది.

"అన్నా... నువ్వు... నువ్వు మాట్లాడితే నాన్నగారు చేతిలో పని ఆపి వింటారు. నేనెంత మాట్లాడినా అలా వినరు. నేను... అది ఓర్వలేకపోయాను. నవ్విస్తే నువ్వు ఆగిపోతావని తెలుసు. ఆగిపోవాలనే చేశాను. సరదాకి కాదు."

చిలక ముక్కు తెరిచింది. ఒక్క మాటా రాలేదు. మళ్ళీ తెరిచింది. రాలేదు.

ధీరసేనుడి రాతి చెంప మీద నీటిచుక్క జారింది. చుక్క జారినంత మేరా రాయి తోలుగా మెత్తబడింది. చెంప, గొంతు, చెయ్యి. చేతిలోది జామకాయ! ధీరసేనుడు తమ్ముడి తల నిమిరాడు, అంతే, వాడి రాయీ రాలిపోయింది. తర్వాత పంజరం వైపు తిరిగి, ఎన్నాళ్ళ కిందటో ఆగిన మాట పూర్తి చేశాడు.

"నీకు... నీకు ఆ... ఆ... ఆకలేస్తోందా?"

చిలక తల వాల్చింది. దాన్ని ఆ మాట అడిగినవాడు ఇంతవరకూ లేడు.

"వేస్తోంది," అంది.

అంతే! చిలక గొంతులోంచి మిణుగురంత ప్రాణం ఎగిరి కిటికీ దాటింది. ఘటదంతుడి కుండలు ఫటాఫటా పగిలాయి, మిగిలింది చిటికెడు పొగ. పంజరం చోట కువలయ నిలబడి జామకాయ కొరుకుతోంది.

కువలయ ధీరసేనుణ్ణే పెళ్ళాడింది. "మాట మధ్యలో వదిలి రాయైపోయాడు. మిగతాది ఏమిటా అని ఎంత ఎదురుచూశానో!" అందట. పెళ్ళికి సిప్పోరా అవ్వ కూడా తాబేలెక్కి వచ్చింది. ధీరసేనుడూ కువలయా చాలాకాలం రాజ్యం ఏలారు. అక్కడ ఎవరు మాట్లాడినా చివరిదాకా వినేవాళ్ళు.

పెళ్ళినాడు సభంతా, "సుధన్వా, నాలుగు మాటలు!" అని కేకలు పెట్టింది. సుధన్వుడు లేచాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"ఇన్నాళ్ళూ మీరు ఆహా అన్న మాటలున్నాయే, అవి నావి కావు. అన్నీ మా అన్నవే. పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో మాటా చెప్పేవాడు, నేను ఇక్కడికొచ్చి అప్పజెప్పేవాణ్ణి."

ముసలి మంత్రిగారు ఊరుకోలేదు. "మరి మధ్యలో గొంతు పూడుకుపోయినట్టు ఆగేవాడివే నాయనా, మేమంతా కళ్ళు తుడుచుకునేవాళ్ళం. అదైనా నీదేనా?"

"ఎక్కడ ఆగాలో కూడా అన్నే నేర్పాడండీ," అన్నాడు సుధన్వుడు.