ఉలి ఆగిన చోట

పూర్వం ఒక రేవు పట్నాన్ని హాల్‌క్రాఫ్ట్ అనే తెల్లదొర పాలించేవాడు. కుర్రతనంలో గుమాస్తాగా ఓడ దిగి, మెట్టుమెట్టూ ఎక్కి గవర్నరయ్యాడు. సీమకు తిరిగి వెళ్లేముందు సముద్రపొడ్డున తన విగ్రహం నిలబెట్టాలనుకున్నాడు. చోటు కోసం జాలరుల గుడిసెలు వారంలో తీసేయాలని దండోరా వేయించాడు. వానాకాలం ముంచుకొస్తోంది. పిల్లాజెల్లాతో ఎక్కడికి పోవాలో జాలరులకు తోచలేదు.

విగ్రహం కింది పలకమీద దొర చరిత్ర చెక్కే పని రాతిపనివాడు నూకయ్యకు అప్పగించారు. దొర రాసిచ్చింది దుబాసీ తెలుగులో చదువుతుంటే అతను చెక్కుతూ వచ్చాడు. ఆఖరి వాక్యం వినగానే ఉలి ఆపేశాడు. పని చూడటానికి వచ్చిన దొర, ఎందుకు ఆపావని అడిగాడు.

"'ఈయన ఏలుబడిలో ఏ పేదవాడూ గూడు పోగొట్టుకోలేదు' అని రాశారు దొరా. రేపు గుడిసెలు పీకితే ఈ మాట అబద్ధమైపోతుంది. రాతిమీద పడ్డాక తుడవడం నావల్ల కాదు. మాట ఉంచమంటారా, తీసేయమంటారా?"

దుబాసీ భయపడుతూనే ఆ మాటలు ఇంగ్లీషులో చెప్పాడు. దొర పలక దగ్గరికి వచ్చి, ఆఖరి వాక్యానికి వదిలిన చోట చెయ్యి ఆనించాడు.

"మాట ఉంచు. విగ్రహం కోట ముందు పెట్టించండి" అన్నాడు.

సాయంత్రానికి జాలరులు కట్టుకున్న మూటలు విప్పేశారు. ముసలి పోలమ్మ చేపల పులుసు తెచ్చి నూకయ్య ముందు పెట్టింది.

"దొరతో అంతమాట అన్నావు, భయమెయ్యలేదా అయ్యా?"

"వేసింది అత్తా. అందుకే ఆయన మొహం చూడకుండా, రాయితో చెబుతున్నట్టు చెప్పాను."